బిగించి వదులు

పేరయ్యపాలెం,
బెల్లంకొండ మండలం,
నవంబరు 9.

యల్లమంద బాబాయ్‌కి,

కృష్ణకుమారిని రాస్తున్నాను. రాజుపాలెం లక్ష్మీనరసయ్యగారి రెండో కూతురిని. పాతికేళ్లు మా నాన్న అంబాసిడర్‌కు నువ్వే డాక్టరువి. నాకు స్టీరింగు పట్టడం నేర్పిందీ నువ్వే. మర్చిపోయి ఉండవనే నమ్మకం.

టైరు పేలి నీకు చెవులు పోయాయని నాన్న దినాలప్పుడు విన్నాను. అందుకే ఫోను చేయలేదు. మెసేజీ పెడితే పది రోజులైనా నువ్వు చూడలేదు. పోస్టాఫీసు ఇంకా ఉంది కదా అని కవరు కొన్నాను.

నాన్న పోయాక కారు నా వాటాకు వచ్చింది. వాటా అనడం గొప్పకు. అన్నయ్యలిద్దరూ వద్దన్నారు కాబట్టి వచ్చింది. ఆరేళ్లుగా మా గొడ్లకొట్టంలో టార్పాలిన్ కింద ఉంది, కోళ్లు దానిమీద పడుకుంటున్నాయి. పోయిన వారం కొత్త బ్యాటరీ తెచ్చి వేశాను. ఇంజను లేచింది. తంటా అంతా గేర్ల దగ్గరే. శబ్దం వస్తోంది. మూడో గేరు నిలబడటం లేదు. ఇక్కడి మెకానిక్కు రేపంటాడు, ఎల్లుండంటాడు, రాడు. బండిని పేటకు నీ దగ్గరకు లాగించుకు రావడం కుదరదు.

కాబట్టి నువ్వు ఉత్తరాల్లో చెప్పు, నేను చేస్తాను. నవ్వకు. నాకు నలభై నాలుగేళ్లు. ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి పొలంలో మందుకొట్టే పంపు దాకా విప్పి బిగించినదాన్ని. ఫిబ్రవరి కల్లా బండి రోడ్డెక్కాలి. ఎందుకని అడగకు. ఊరికే.

మీ అల్లుడు గోపీచంద్‌గారు బాగున్నారు. నేను కారు జోలికి పోతున్నానని ఆయనకు తెలుసు. ఇటూ అనరు, అటూ అనరు. నీకు తెలిసిన మనిషేగా.

నీ
కృష్ణకుమారి

*

నరసరావుపేట,
నవంబరు 17.

అమ్మాయ్ కృష్ణకుమారీ,

ఉత్తరం అందింది. కరెంటు ఆఫీసు వాళ్లవి కాకుండా నాకు ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో. నవ్వలేదు. మెసేజీ సంగతంటావా, నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు అక్షరాలు పడతాయి. ముప్పై ఎనిమిదేళ్లు పానా పట్టిన వేలు ఇది, దానికి అద్దం మీద పని చేతకాదు.

"శబ్దం వస్తోంది" అని రాశావు. డాక్టరు దగ్గరకు పోయి ఒంట్లో బాగాలేదన్నట్టుంది. ఏ శబ్దం? కుయ్యిమంటోందా, గుయ్యిమంటోందా, గరగరమంటోందా, కొరకొరమంటోందా? కుయ్యిమంటే పళ్లు అరిగాయి. గుయ్యిమంటే బేరింగు పోయింది. కొరకొరమంటే క్లచ్చి పూర్తిగా విడవటం లేదు. ఏ శబ్దమూ లేకుండా పోతూ పోతూ ఒక్కసారి కటక్కుమని గేరు బయటికొస్తే అది వేరే కథ. నాకు చెవుల్లేవు, నీకున్నాయి. నీ చెవిని ఉత్తరంలో పెట్టి పంపు.

చెవులు పోయాక నేను బండ్లు ఎట్లా చూస్తున్నానో చెప్తా. పొడుగు స్క్రూడ్రైవరు మొన గేరుబాక్సుకు ఆనించి, పిడి నా దవడ ఎముకకు ఆనిస్తాను. శబ్దం ఎముకలోంచి వస్తుంది. "ముసలాడు బండిని కొరుకుతున్నాడు" అని షెడ్డుకొచ్చేవాళ్లు అంటుంటారట. అననీ. నువ్వూ అట్లాగే చెయ్యి. ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టు. చీర వద్దు, బిగుతుగా డ్రెస్సు వేసుకో. ఫ్యాను బెల్టుకు ఎవరి కొంగయినా ఒకటే.

తర్వాత ఆయిలు దించు. కింది నట్టు ముట్టుకునే ముందు పైన ఆయిలు పోసే నట్టు విడుతుందో లేదో చూసుకో. అది విడవకుండా పాతది దించేస్తే కొత్తది పోసే దారి ఉండదు. పని నేర్చుకునే రోజుల్లో ఈ తప్పు నేను చేశాను. మా గురువు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఎందుకని అడగొద్దన్నావు, అడగను. కానీ ఊరికే గేరుబాక్సు విప్పే మనిషిని నా జన్మలో చూడలేదు.

యల్లమంద

*

పేరయ్యపాలెం,
డిసెంబరు 1.

బాబాయ్,

నా చెవి పంపుతున్నాను, చూసుకో.

కొట్టం వెనక మా పొలంబాటలో అటూ ఇటూ నడిపాను. న్యూట్రల్లో ఏమీ లేదు. ఫస్టు గేరు కొరకొరమని గాని పడదు. ఫస్టులోనూ సెకండులోనూ బండి కదులుతుంటే కుయ్యిమని సన్నగా మొదలై, వేగం పెరిగేకొద్దీ అవతలి చేలోకి వినిపించేంత అవుతుంది. థర్డులో ఏ శబ్దమూ ఉండదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే కటక్. గేరు రాడ్డు వచ్చి నా మోకాలికి తగులుతుంది. మోకాలు కమిలిపోయింది. నువ్వన్న వేరే కథ ఇదేననుకుంటా.

స్క్రూడ్రైవరు దవడకు పెట్టుకున్నాను. మొదట పళ్లు జివ్వుమన్నాయి, తర్వాత అలవాటైంది. బయటికి ఒకటిగా వినిపించే శబ్దం లోపల విడివిడిగా వినిపిస్తోంది. ఇంత బాగుంటుందని నాన్న బతికుండగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఆయిలు దించాను. పైనట్టు విడిపించాకే. తారులా ఉంది, అందులో వెండిపొడి మెరుస్తోంది. ఆ మెరుపు మంచిది కాదని నాకే తెలిసింది.

నేను బండి కింద ఉండగా మా బావగారు వచ్చారు. శ్రీమన్నారాయణగారని, మీ అల్లుడికి అన్నగారు. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఆయన మాటే మాట. నాకు కింద నుంచి ఆయన చెప్పులు మాత్రమే కనిపించాయి.

"ఏందమ్మా ఇది? మన ఇంటి ఆడోళ్లు బండి కింద పడుకునేదాకా వచ్చిందా?" అన్నారు.

"పైన పడుకుంటే ఆయిలు దిగదు బావగారూ" అన్నాను.

చెప్పులు వాకిలివైపు తిరిగాయి. తర్వాత "గోపీతో చెప్తాలే" అని వెళ్లిపోయాయి. మీ అల్లుడు సాయంత్రం నాతో ఆ ఊసే ఎత్తలేదు. కొట్టంలో ఆరుతూ వెలుగుతూ ఉండే పాత బల్బు తీసేసి కొత్తది పెట్టారు, అంతే.

నీ
కృష్ణకుమారి

*

నరసరావుపేట,
డిసెంబరు 12.

అమ్మాయ్,

నీ చెవి బాగుంది. షెడ్డులో పదేళ్లు పనిచేసినవాళ్లు కూడా నాకు ఇంత బాగా చెప్పలేదు. మీ బావగారికి నువ్విచ్చిన జవాబు చదివి ఇక్కడ ఒక్కణ్ణే నవ్వుతుంటే పక్కకొట్టు వాళ్లు వచ్చి చూసిపోయారు.

కొరకొర క్లచ్చిది. పెడలు నుంచి వెళ్లే రాడ్డు చివర నట్టు ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించి, పావు తిప్పు వదులు చెయ్యి. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా బిగించడమే పనితనం అనుకుంటారు. ఎంత వదలాలో తెలిసినవాడే మెకానిక్కు.

కుయ్యి సంగతి మర్చిపో. ఆ పళ్లు అరిగాయి, ఆ ఏడుపు నీతోనే ఉంటుంది. దానివల్ల బండి ఆగదు.

కటక్ మాత్రం తేల్చాలి. గేరు రాడ్డు కింద మూత తీస్తే లోపల మూడు ఇనప కడ్డీలు వరసగా ఉంటాయి. గేరు మార్చినప్పుడల్లా కదిలేవి అవే. ఒక్కో కడ్డీ మీద గోళీ అంత గుండు, గుండు మీద స్ప్రింగు, స్ప్రింగు మీద బోల్టు. పడిన గేరు జారకుండా పట్టుకునేది ఆ గుండు. స్ప్రింగు చచ్చిపోతే గుండుకు పట్టుండదు, గేరు బయటికొస్తుంది. మూడు గుండ్లు, మూడు స్ప్రింగులు బస్సులో పంపుతున్నాను. అడ్డరోడ్డు టీకొట్టులో తీసుకో. వేసేటప్పుడు గుండు లోపలికి జారిందా, బాక్సు మొత్తం కిందికి దించాలి. అయస్కాంతం దగ్గర పెట్టుకో. కొత్త స్ప్రింగులు గట్టిగా ఉంటాయి, మొదట్లో గేరు బలంగా తోయాల్సి వస్తుంది. భయపడకు.

ముందు విప్పి, లోపల ఎట్లా ఉందో రాయి. బోల్టులు ఎట్లా బిగించాలో అప్పుడు చెప్తాను.

ఇక నావల్ల కాదు, అడుగుతున్నాను. ఎక్కడికి పోవాలి నీకు?

యల్లమంద

*

పేరయ్యపాలెం,
జనవరి 8.

బాబాయ్,

మూత తీశాను. మూడు స్ప్రింగుల్లో ఒకటి రెండు ముక్కలైంది. మిగతా రెండూ నొక్కితే పైకి లేవడం లేదు. గుండ్లు అయస్కాంతానికి అంటించి పట్టుకున్నాను, ఒక్కటీ జారలేదు. క్లచ్చి సరిచేశాక ఫస్టు నోరెత్తకుండా పడుతోంది.

ఎక్కడికని అడిగావు. బెల్లంకొండకు. తొమ్మిది కిలోమీటర్లు.

మా ఊరి సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. బావగారు హైదరాబాదులో ఉండే తన చిన్నకోడలు లిఖిత పేరు అనుకున్నారు. మంచి పిల్లే. పెళ్లయ్యాక ఈ ఊళ్లో మొత్తం మూడు రోజులు ఉందేమో. ఊరంతా ఏకగ్రీవం అంటోంది. మా ఊళ్లో సర్పంచికి ఓటు వేసి పాతికేళ్లయింది. పోటీ చేస్తామన్నవాళ్లను ఎవరూ కొట్టరు, తిట్టరు. వాళ్లకు బండి దొరకదు, అంతే. ఆటోవాడికి, ట్రాక్టరువాడికి కబురు వెళ్తుంది. నా కారు బాగుచేయడానికి మెకానిక్కు ఎందుకు రాలేదో నీకిప్పుడు తెలిసిందిగా. పోయినసారి మా వీధిలో ప్రమీలమ్మ అనే ఆమె నామినేషన్ కాగితాలు పట్టుకుని నడిచి బయల్దేరింది. కాలవ మలుపు దగ్గర నలుగురు ఎదురై, మర్యాదగా పలకరించి, చూసి ఇస్తామని ఆ కాగితాలు తీసుకున్నారు. సాయంత్రం అయిదుకు గడువు దాటేదాకా చూస్తూనే ఉన్నారు.

కారుకు తలుపులుంటాయి బాబాయ్. లోపలినుంచి గడి పడుతుంది. అరవైలో పోతే మలుపు దగ్గర ఎవరూ పలకరించలేరు. అందుకు నాకు థర్డు గేరు కావాలి.

నీకెందుకమ్మా ఈ గొడవ అంటావు. అయిదేళ్లు నేను వార్డు మెంబర్ని. ఒక్క మీటింగుకు పోలేదు. రిజిస్టరే మా ఇంటికి వచ్చేది, పొయ్యి దగ్గర నిలబడి సంతకం పెట్టి పంపేదాన్ని. ఆఖరుసారి పాలు పొంగుతుంటే, తెచ్చినతన్ని కూర్చోబెట్టి పేజీలు తిప్పాను. కాలనీలో మంచినీళ్ల బోరు వేసినట్టు తీర్మానం ఉంది. కాలనీలో బోరు లేదు. మా మిరపచేలో కాయ కోసే ఆడవాళ్లంతా అక్కడివాళ్లే, కిలోమీటరు నుంచి నీళ్లు మోసుకుంటారు. వాళ్లు మోసేది నేను రోజూ చూస్తాను. కింద నా సంతకం గుండ్రంగా, అందంగా ఉంది.

సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు. అదీ సంగతి. బోల్టులు ఎట్లా బిగించాలో త్వరగా రాయి.

నీ
కృష్ణకుమారి

*

నరసరావుపేట,
జనవరి 24.

కృష్ణకుమారి గారికి,

ఉత్తరం అందింది. గుండ్లు వేసి, స్ప్రింగులు పెట్టి, పైన మూడు బోల్టులూ బిగించి వదులు. తర్వాత మూత వేసి కొత్త ఆయిలు పోయగలరు. అంతకన్నా చేసేదేమీ లేదు.

షెడ్డులో పని ఎక్కువగా ఉంది. ఎలక్షన్లు అయ్యేవరకు ఉత్తరాలు రాయవద్దు.

యల్లమంద

*

పేరయ్యపాలెం,
ఫిబ్రవరి 9.

యల్లమంద గారికి,

నామినేషన్ వేశాను. ముందు ఆ మాట రాసేస్తే మిగతాదంతా కోపంతో రాసుకోవచ్చు.

మీరు రాసినట్టే చేశాను. పొడుగు పానా పెట్టి, నా బలమంతా పెట్టి మూడు బోల్టులూ బిగించాను, అట్లాగే వదిలేశాను. కొట్టంలో గేర్లు కదిపితే బిగుసుకున్నాయి. కొత్త స్ప్రింగులు గట్టిగా ఉంటాయని మీరే రాశారు కదా అనుకున్నాను. బండి బయటికి తీస్తే ఊరంతా చూస్తుందని నడిపి చూడలేదు.

నిన్న ఆఖరు రోజు. నన్ను ప్రతిపాదిస్తూ సంతకం పెడతానన్న కోటయ్య మామ ఇంటికి పొద్దున్నే తాళం ఉంది. మాచర్లలో చుట్టాలింటికి పోయాడన్నారు. మా ఊరి ఓటరు సంతకం లేకుండా నామినేషన్ చెల్లదు. అయినా బయల్దేరాను. ఇంట్లో ఆగిపోతే ఆ పూట ఏం చేయాలో నాకు తెలియలేదు.

రెండు చేతులతో తోస్తే ఫస్టు గేరు పడింది. ఊరు దాటాక సెకండుకు లాగితే రాదు. క్లచ్చి తొక్కి లాగాను, కాలితో తన్నాను, ఏడ్చాను కూడా. రాడ్డు కదల్లేదు. తొమ్మిది కిలోమీటర్లు ఫస్టు గేరులో. మనిషి నడకకు కాస్త ఎక్కువ, సైకిలుకు తక్కువ. ఆ కుయ్యిమనే ఏడుపు ఎంతదూరం పోతుందో మీకు తెలుసు.

ఆ ఏడుపు విని మిరపచేలల్లో కాయ కోస్తున్న ఆడవాళ్లంతా నడుములెత్తి చూశారు. వాళ్ల ముఠాకు పెద్ద ధనలక్ష్మి గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చింది. కారు పక్కనే నడుస్తూ అద్దం మీద కొట్టింది.

"ఏందమ్మా, కారెక్కి కూడా నడిచినట్టే పోతన్నావు?"

"ఇది ఇంతే పోద్ది. బెల్లంకొండ పోతన్నా, సర్పంచికి నామినేషన్ వేయడానికి."

"మలుపు కాడ బండ్లు పెట్టుకుని అయిదుగురు నిలబడ్డారు. నువ్వు ఇట్టా పోతే తలుపు తీసి దింపేస్తారు."

అని, వెనక్కి తిరిగి చేలోకి కేకేసింది. "ఏమే, అందరూ రండే. అమ్మగారి కారు చూద్దురు గాని."

వచ్చారు. ముందు పదిమంది, తర్వాత అవతలి చేలవాళ్లు. తలగుడ్డలతో, చేతులకు కారం ఘాటుతో. నలభైమంది దాకా లెక్కపెట్టి మానేశాను. నేను థర్డులో దూసుకుపోయి ఉంటే వాళ్లకు దుమ్మే కనిపించేది.

వేగం లేదు కాబట్టి మాట్లాడుకోవాల్సి వచ్చింది. అద్దం పూర్తిగా దించి ధనలక్ష్మితో చెప్పాను, మీ కాలనీలో బోరు వేసినట్టు సంతకం పెట్టినదాన్ని నేనేనని. ఆమె తలుపు మీద చెయ్యి వేసి నడుస్తూనే ఉంది. నేను తల తిప్పి చూడలేకపోయాను.

"తెలుసులేమ్మా" అంది చివరికి. "ఇయ్యాల పెట్టేదన్నా చదివి పెట్టు."

మలుపు దగ్గర అయిదుగురూ ఉన్నారు. మా బావగారి పెద్దకొడుకు భరత్ ముందుకొచ్చాడు. "పిన్నీ, ఆగు, మాట్లాడుకుందాం" అన్నాడు. ఆపితే మళ్లీ కదులుతుందో లేదోనని ఆపలేదు. ధనలక్ష్మి అతని ముందుకు పోయి, "బాబూ, బ్రేకులు సరిగ్గా లేవంట, పక్కకు జరుగు" అంది. బ్రేకులు బాగానే ఉన్నాయి. అతను జరిగాడు. నలభైమంది అతని పక్కనుంచి నడిచిపోయారు, అందులో సగం మంది అతని చేలో కూలికి పోయేవాళ్లే.

దారిలో రెండుసార్లు రేడియేటరు కాగింది. బిందెలతో వాళ్లే నీళ్లు తెచ్చి పోశారు. నీళ్ల గురించి నేనేమీ మాట్లాడలేదు. రెండున్నరకు ఆఫీసు చేరాం. ప్రతిపాదించేవాళ్లు ఎవరని అడిగారు. ధనలక్ష్మి ముందుకొచ్చి కాగితం మొత్తం చదివించుకుంది, అక్షరం వదలకుండా. తర్వాత సంతకం పెట్టింది.

అక్కడ ట్రాక్టరు మెకానిక్కు ఒకతను మూత తీసి చూసి, "ఎవరమ్మా ఇంత బిగించింది? వదులు చేయాలి కదా" అన్నాడు. ఒక్కో బోల్టూ పావు తిప్పు వెనక్కి తిప్పాడు. గేర్లన్నీ వెన్నలా పడ్డాయి. థర్డులో ఇంటికొచ్చాను, ఒక్కసారీ జారలేదు.

ఇంటికొచ్చి మీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. అందులో పావు తిప్పు లేదు. అన్నం తింటూ మీ అల్లుడుగారు అన్నారు, జనవరిలో భరత్ మీ షెడ్డుకు వచ్చి వెళ్లాడని. ఆయనకు తెలుసు, నాకు చెప్పలేదు. ఆ లెక్క నేను ఆయనతో తేల్చుకుంటాను. మీరు నాకు చెప్పండి. వాళ్లు చెప్పమన్నారని రాశారా ఆ మాట? నన్ను గారూ అని పిలిచినప్పుడే అనుమానించి ఉండాల్సింది.

కృష్ణకుమారి

*

నరసరావుపేట,
ఫిబ్రవరి 12.

అమ్మాయ్,

తిట్టు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నామినేషన్ దాకా చదివి ఆపి, టీ తాగి వచ్చి మిగతాది చదివాను.

వాళ్లు వచ్చిన మాట నిజం. నా షెడ్డు ఉన్న స్థలం భరత్ మామగారిది. భరత్ ఇంకో ఇద్దరితో వచ్చి, నాకు వినబడదు కాబట్టి కాగితం మీద రాసి చూపించాడు. బోల్టులు గట్టిగా బిగించి అట్లా వదిలెయ్యమని నీకు రాయమన్నాడు. బండి కదలకూడదు, అంతే, పిన్నికి ఏమీ కాకూడదు అని కూడా రాశాడు, పాపం మంచివాడు. గట్టిగా బిగిస్తే కదలదని వాళ్లకు ఎవరో చెప్పి పంపారు. నేను రాస్తుంటే ముగ్గురూ భుజం మీదుగా చూస్తున్నారు.

నేను "బిగించి వదులు" అని రాశాను.

షెడ్డులో ఆ మాటకు అర్థం ఒకటే. పూర్తిగా బిగించు, తర్వాత కాస్త వదులు చెయ్యి. మేమంతా ఆ మాట వింటూ పెరిగాం. బయటివాళ్లు చదివితే బిగించి ఊరుకో అని. వాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్ల అర్థం వాళ్లు చదువుకుని, తల ఊపి, ఫోటో తీసుకుని, కవరు వాళ్లే డబ్బాలో వేశారు. వాళ్లు పోయాక నేను ఎంత సంబరపడ్డానో చెప్తే సిగ్గు. ముగ్గురి కళ్ల ముందే మా అమ్మాయికి నిజం పంపించాననుకున్నాను.

నువ్వు కూడా బయటిదానివేనని నాకు తోచలేదు. నీ ఉత్తరాలు చదివీ చదివీ నా షెడ్డులో పెరిగినదానివే అనుకున్నాను. ఇంకో ఉత్తరం రాసి ఉండొచ్చుగా అంటావు. రాసి ఉండొచ్చు. నీకు అర్థమయ్యే ఉంటుందన్న ధీమా. అది భయం కాదు అమ్మాయ్, పొగరు. తప్పు తప్పే. నువ్వు రోడ్డు మీద ఏడ్చానని రాసిన చోట నా కళ్లజోడు తీయాల్సి వచ్చింది.

నిన్న భరత్ మళ్లీ వచ్చాడు. నువ్వు థర్డులో తిరిగి వెళ్లావని తెలిశాక ఆ ఫోటో ఎవరో మెకానిక్కుకు చూపించాడట. ఆ మెకానిక్కు పగలబడి నవ్వాడట. అది కూడా కాగితం మీద రాసి చూపించాడు. కిందనే నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయమని రాశాడు. ఆ కాగితం తీసుకుని, చేతికున్న గ్రీజు దానితో తుడుచుకుని, సరే అన్నాను. బతిమాలలేదు. ఇరవై ఏడేళ్ల షెడ్డు. ఎక్కడికి పోవాలో ఇంకా అనుకోలేదు. పోయిన చెవులు వెనక్కి రాలేదు, అయినా పని ఆగలేదు. ఇదీ అంతే.

కోపం పోకపోతే పోకపోయింది, బండికి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిలు మాత్రం మార్చు.

యల్లమంద

*

పేరయ్యపాలెం,
ఫిబ్రవరి 17.

బాబాయ్,

కోపం పోయింది. ఎప్పుడు పోయిందో కూడా చెప్తాను. పగలబడి నవ్వాడన్న చోట.

ఎక్కడికి పోవాలో అనుకోవద్దు. మా కొట్టంలో గేదెలను అవతలి పాకలోకి మార్చాను. కొట్టం రోడ్డువైపే ఉంది, కరెంటు ఉంది. తలుపు మీద నీ పేరు రాయించడానికి నిన్ననే మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు. ఈ స్థలం నా భర్తది, భరత్ మామగారిది కాదు. సామానుకు లారీ దొరకదంటే అంబాసిడర్ తెస్తాను, ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చినా సరే. మీ అల్లుడితో తేల్చుకుంటానన్నానుగా, తేల్చుకున్నాను. ఇప్పుడు ఊళ్లో నా పక్కన తిరుగుతున్నారు. మాట్లాడరు. కరపత్రాలు పంచుతారు.

విత్‌డ్రా చేసుకోమని బావగారు నలుగురి చేత చెప్పించారు. గడువు దాటిపోయింది. ఎల్లుండి పోలింగు. గెలుస్తానో లేదో నాకు తెలియదు. కాలనీ ఓట్లు నావే అనుకుంటున్నాను. పెద్దవీధి ఓట్లు నావి కావు. మధ్యలో ఉన్నవాళ్లు ఇద్దరికీ సరేనంటున్నారు. ఓడిపోతే మాత్రం మీటింగు జరిగిన ప్రతిసారీ పోయి ఎదురుగా కూర్చుంటాను. గ్రామసభలో కూర్చోవద్దని ఎవరూ అనలేరట, కనుక్కున్నాను.

ఇవాళ పొద్దున జరిగింది చెప్పి ముగిస్తాను.

బావగారు ఓట్లు అడగడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. పాతికేళ్లలో ఆయనకు ఆ అవసరం రాలేదు. ఏడు గంటలకు మొదలుపెట్టారట. కాలనీ చివరినుంచి ఒక్కో గుమ్మం దగ్గర ఆగడం, చేతులు జోడించడం, "అమ్మా, మీ ఓటు" అనడం. వెనక పదిహేనుమంది. నలభై యాభై ఇళ్లు తిరిగేసరికి చేతులు వాటంతటవే లేస్తున్నాయి పాపం. పదిన్నరకు మా గుమ్మం వచ్చింది. ఎవరిల్లో చూసుకోలేదో, ఎండకు కళ్లు బైర్లు కమ్మాయో, నేను తలుపు తీసేసరికి రెండు చేతులూ జోడించి తల వంచి ఉన్నారు.

"అమ్మా, మీ ఓటు" అన్నారు.

తల ఎత్తాక చూశారు ఎవరో. చేతులు దించలేదు. దించితే వెనకున్నవాళ్లంతా చూస్తారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఆయన నాకు చెప్పినవి చాలా ఉన్నాయి. అడగడం ఇదే మొదలు.

"ఆలోచించి చెప్తాను బావగారూ" అన్నాను.

నీ
కృష్ణకుమారి